పాత కంప్యూటరు – పరుల తాళము

ఒకరు వాడిన వస్తువును మరియొకరు కొని వాడుకొనుట మన చీరాల ప్రాంతమునకు క్రొత్త కాదు. కుట్టుమిషను, సైకిలు, పాఠ్యపుస్తకము, తుదకు మగ్గము సైతము చేతులు మారుచునే యున్నవి. పేరాలలో నొక నేతగాడు వృత్తి మానినచో, అతని మగ్గమును జాండ్రపేటలోని మరియొకడు కొని, తన కనువుగా సవరించుకొని, కొలదిదినములలోనే నేత మొదలిడును. వెల చెల్లినది, వస్తువు చేతికి వచ్చినది, ఇక నా మగ్గముపై పూర్వపు యజమానికి ఏ హక్కును లేదు. అతడు రాత్రివేళ వచ్చి పడుగు త్రెంపడు. "నా యనుమతి లేనిదే నాడె విసరరాదు" అని కొత్తవానితో ననడు.

కంప్యూటరు మాత్రము ఈ న్యాయమునకు సులభముగా లొంగదు. పెట్టె మన బల్లమీదనే యుండును. వెల చెల్లించిన రసీదు మన బీరువాలో నుండును. కాని దాని లోపల పూర్వపు యజమాని చేయి యింకను మిగిలియుండవచ్చును. ఈ సంవత్సరము మన పాఠశాలయందు మాకు కలిగిన యనుభవమును విద్యార్థులకును, తలిదండ్రులకును తెలుపుట మేలని తలంచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. నేడు మన పిల్లల యిండ్లలో పాత ఫోను కొనని యిల్లు అరుదు గావున, ఇది మన పాఠశాలకు మాత్రమే చెందిన సంగతి కాదు.

మేము గుంటూరులో ఉపాధ్యాయశిక్షణ పొందిన దినములలో కంప్యూటరున్న గదిలోనికి చెప్పులు విడిచి పోవలసియుండెను. యంత్రములపై తెల్లని గుడ్డలు కప్పబడియుండెడివి. మీటలను తాకుటకే భయపడెడివారము. నేటి బాలబాలికలకు ఆ భయము లేదు, ఉండనక్కరయు లేదు. వారికి కావలసినది కూర్చుండి నేర్చుకొనుటకు కొన్ని యంత్రములు. క్రొత్తవాని వెల మన శక్తికి మించినది. అందుచేత పూర్వవిద్యార్థులు ప్రేమతో పంపిన ద్రవ్యముతో, ఒక పట్టణమునందలి వర్తకునియొద్ద ఆరు పాత ల్యాపుటాపులను, ఒక్కొక్కటి పదునాలుగువేల రూపాయల చొప్పున, పాఠశాల కొనెను. పెద్ద కంపెనీలు మూడు నాలుగేండ్లకొకసారి తమ యంత్రములను మార్చి, పాతవానిని మొత్తముగా అమ్మివేయును. మనకు వచ్చినవి అట్టివని వర్తకుడు చెప్పెను.

ఆరింటిలో మూడింటికి వచ్చిన చిక్కు స్వల్పమైనది. మీట నొక్కిన వెంటనే, "మీ గడువు తీరినది, రుసుము చెల్లింపుడు" అని యొక వైరసునివారణ ప్రోగ్రాము మొఱపెట్టుచుండెను. ఎవరును కోరని ఆటలు, అంగడుల ప్రకటనలు తెరనిండ వ్యాపించియుండెను. వీనిని తెచ్చి యెవరు పెట్టిరని పిల్లలడిగిరి. ఇవి అనేకపర్యాయములు యంత్రము పుట్టినప్పటినుండియే లోపల నుండును. సాఫ్టువేరు కంపెనీలు యంత్రములు చేయువారికి సొమ్మిచ్చి తమ ప్రోగ్రాములను ముందుగానే ఎక్కింపించును. లెనోవో కంపెనీవారు అమ్మిన కొన్ని ల్యాపుటాపులలో సూపర్ ఫిష్ అను ప్రోగ్రామొకటి ముందే చేర్చబడి, మనుజుడు చూచెడి పుటలలో ప్రకటనలు దూర్చుచు, రహస్యముగా నుండవలసిన సంబంధములను సైతము బలహీనపరచుచున్నదని 2015 ఫిబ్రవరిలో లోకమునకు వెల్లడియయ్యెను. పిమ్మట ఆ కంపెనీయే దానిని తొలగించు సాధనమును ప్రకటించెను. కావున అక్కరలేని యతిథులు పాతయంత్రములయందు మాత్రమే కాదు, క్రొత్తవానియందును ఉందురు. మన మూడు యంత్రములలోని యతిథులను తొమ్మిదవ తరగతివారు ఒక్క సాయంకాలములో సాగనంపిరి.

తక్కిన మూడింటి సంగతి వేరు. వానిలో రెండింటిని మొత్తము తుడిచి, విండోసును మరల మొదటినుండి యెక్కించితిమి. ఇంటర్నెట్టు కలిపిన వెంటనే తెరపై నొక కంపెనీ పేరు ప్రత్యక్షమై, "స్వాగతము, మీ ఉద్యోగపు చిరునామాను, సంకేతపదమును ఇయ్యుడు" అని యడిగెను. మరల తుడిచితిమి, మరల నదే పేరు. పిల్లలు ఆశ్చర్యపడిరి. తుడిచినది మరల నెట్లు మొలచినది? దీని కారణ మిది: మైక్రోసాఫ్టువారి ఏర్పాట్లలో ఆటోపైలట్ అనునది యొకటి కలదు. కంపెనీ తన యంత్రముల గుర్తులను దూరమందున్న పట్టికలో నమోదు చేయించును. ఏ యంత్రమైనను క్రొత్తగా సిద్ధపరుపబడునప్పుడు ఆ పట్టికను విచారించి, తన పేరు కనబడినచో తన యజమానినే స్మరించును. అనగా తాళము పెట్టెలో లేదు. పెట్టె యెవరిదో వ్రాసిన పుస్తకములో నున్నది. ఆ పుస్తకములోని పేరు కొట్టివేయవలసినవారు దానిని వ్రాయించినవారే.

ఆరవ యంత్రము మరింత మొండిది. దాని మూలపు అమరికలను తెఱచుటకు పర్యవేక్షకుని సంకేతపదము కావలసియుండెను. అదిగాక, కంప్యూట్రేస్ అను జాడతీయు ప్రోగ్రామొకటి దానిలో మేల్కొనియుండెను. ఇట్టి ప్రోగ్రాము యొక్క బీజము డిస్కునందుండదు; యంత్రము మేల్కొనునప్పుడు మొట్టమొదట నడచెడి మూలచిప్పులో, దానిని తయారుచేసిన వారిచేతనే పెట్టబడియుండును. డిస్కును తీసివేసి క్రొత్తది పెట్టినను, విండోసు నడచిన వెంటనే అది మరల తన ప్రోగ్రామును నాటుకొనును. దొంగ యెత్తుకొనిపోయినచో యంత్రము ఎచ్చటనున్నదో యజమానికి తెలియజేయుట దాని పని.

ఇట్లుండ, తొమ్మిదవ తరగతిలో మిక్కిలి చుఱుకైన బాలుడొకడు మాయొద్దకు వచ్చి, "మాస్టారండీ, ఇది పదినిమిషముల పని. తాళము తప్పించు విధమంతయు వీడియోలో చూచితిని. ఆ రెండింటిలో విండోసుకు బదులు లినక్సు వేసిన యెడల కంపెనీ పేరే అడుగదు. ఆరవదానికి చిప్పు మార్చువారు బజారులో నున్నారు" అనెను. వాడు చెప్పినదానిలో అసత్యము లేదు. ఆటోపైలట్ విండోసునందే పనిచేయును. వేరొక సిస్టము నెక్కించినచో దాని మాట చెల్లదు. తరగతి యంతయు వానివైపే యుండెను. "మనము డబ్బిచ్చితిమి గదా! మన వస్తువును మనము తెఱచుకొనుటలో తప్పేమి?" అని పలువురు పలికిరి.

ఈ ప్రశ్న మంచిదే. మేము వెంటనే యుత్తరమియ్యక, తరగతిలోనే చర్చకు పెట్టితిమి. అప్పుడు వేటపాలెమునుండి వచ్చెడి బాలిక యొకతె లేచి యొక మాట చెప్పెను. ఆ యూరిలో 1918వ సంవత్సరమున స్థాపింపబడిన సారస్వత నికేతన గ్రంథాలయము కలదని మీరందరు నెరుగుదురు. "పాతపుస్తకముల యంగడిలో నేనొక పుస్తకము కొని, దానిమీద గ్రంథాలయపు ముద్ర చూచితి ననుకొనుడు. నేను డబ్బిచ్చినమాట నిజమే. అయినను ముద్ర చెరిపివేయుటకు ముందు, ఇది మీరు అమ్మినదా, పోగొట్టుకొన్నదా అని గ్రంథాలయమును అడుగవలదా?" అని యామె ప్రశ్నించెను. తరగతి కొంతసేపు మౌనముగా నుండెను. మేము చెప్పవలసినదానిని ఆ బాలిక మాకంటె బాగుగా చెప్పినది.

తాళమనునది తనంతట చెడ్డది కాదు. యజమాని తన సొత్తును కాపాడుకొనుటకు వేసికొన్నది. అది పదినిమిషములలో ఊడునట్టిదే యైనచో దొంగకు పండుగ. అయితే సొత్తును అమ్మివేసిన పిమ్మట తాళము తీయక మరచిపోవుట యజమాని యొక్క యలసత్వము; దాని ఫలము కొనినవాడనుభవింపవలసివచ్చుచున్నది. బయటనుండి చూచువానికి ఈ రెండును ఒక్కటిగనే కనబడును. మరచిపోయిన తాళమా, పోయిన సొత్తుపై నున్న తాళమా యని తెరమీది పేరు చెప్పజాలదు. అడిగిననే తెలియును. చట్టమును ఇదే చెప్పుచున్నది. దొంగసొత్తని తెలిసియు, లేక అట్లు నమ్ముటకు తగిన కారణముండియు, దురుద్దేశముతో దానిని పుచ్చుకొనుట గాని యుంచుకొనుట గాని నేరమని 1860 నాటి భారతశిక్షాస్మృతి 411వ సెక్షనులో నుండెను. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితలో 317వ సెక్షను ఆ విషయమునే చెప్పుచున్నది. అదిగాక, తాళములు ఊడదీయుదుమని ఉచితముగా దొరకు ప్రోగ్రాములు అనేకములు తమతో వేరొక దొంగను లోనికి తెచ్చుచుండును. ఒక పరుని చేయి తొలగించుటకు మరియొక పరుని చేయి పట్టుకొనుట వివేకము కాదు.

కావున జాబు వ్రాయ నిశ్చయించితిమి. పదవ తరగతివారి ఆంగ్లరచనకు ఆ వారము ఇదే పాఠమయ్యెను. యంత్రముల క్రమసంఖ్యలు, కొనిన తేది, వర్తకుని రసీదు నకలు, మా మనవి: ఇంతకు మించి అందులో నొక్క వాక్యమును లేదు. మర్యాదగా, సూటిగా వ్రాయుట యెంత కష్టమో పిల్లలు నాలుగుసార్లు తిరిగి వ్రాసి గ్రహించిరి. తెరపై పేరు కనబడిన కంపెనీకి నొకటి, ఆరవ యంత్రముపై చీటియున్న వేరొక కంపెనీకి నొకటి, రెండు జాబులు పంపితిమి.

పదునొకండవ దినమున మొదటి కంపెనీనుండి బదులు వచ్చెను. ఆ రెండు యంత్రములు తాము అమ్మినవేయనియు, పట్టికనుండి తీయుట మరచిపోయితిమనియు, ఇప్పుడు తీసివేసితిమనియు అందుండెను. పాఠశాల పిల్లలకు శుభాకాంక్షలు సైతము తెలిపిరి. మరల సిద్ధపరచగా కంపెనీ పేరు రాలేదు. పిల్లలు చప్పట్లు కొట్టిరి.

రెండవ కంపెనీ బదులు ఆనందకరముగా లేదు. ఆ యంత్రము తాము అమ్మినది కాదనియు, తమ యుద్యోగి యొకరి సంచితోకూడ రైలులో పోయినదనియు, అప్పుడే పోలీసువారికి తెలిపియున్నామనియు వ్రాసిరి. ఇక చేయవలసినది స్పష్టమయ్యెను. ప్రధానోపాధ్యాయులవారితో కలసి పోయి, ఉత్తరప్రత్యుత్తరముల నకళ్లతో యంత్రమును పోలీసుస్టేషనులో నప్పగించి రసీదు పొందితిమి. వర్తకుడు, తానును మొత్తముగా కొన్నవానిలో నదియొకటి యనియు, తనకేమియు తెలియదనియు చెప్పెను. పలుమారులు వ్రాసిన మీదట సగము వెల మాత్రము తిరిగి యిచ్చెను. ఏడువేల రూపాయలు పాఠశాలకు నష్టము. ఇది చిన్న మొత్తము కాదు. ఆ ద్రవ్యము పంపినవారిలో నెలజీతముపై బ్రతుకువారు కలరు.

ఆ సాయంకాలము మొదటి బాలుడు మరల మాయొద్దకు వచ్చి, "మాస్టారండీ, మనము అడుగకుండ నుండినయెడల మనకు ఆరు కంప్యూటర్లు ఉండెడివి గదా?" అనెను. మేము వానిని కోపింపలేదు. వాడు చెప్పిన లెక్క సరియైనదే. "ఉండెడివి, అయిదు మనవి, ఒకటి మరియొకరిది" అంటిమి. వాడేమియు మాటాడలేదు. ఒప్పుకొన్నాడో లేదో మాకు తెలియదు. కాని మరునాటి యుదయమున అరువదిమంది పిల్లలకు అయిదు యంత్రములపై వంతులపట్టిక నొకదానిని వాడే చక్కగా వ్రాసి గోడకంటించెను.

ఇప్పుడు ఆ యయిదు యంత్రములు నడచుచున్న విధమును కూడ చెప్పవలెను. విండోసు 10కి మైక్రోసాఫ్టువారి ఉచిత రక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. మన మూడు పాతయంత్రములు విండోసు 11ను మోయగలవి కావు. అందుచేత వానియందు లినక్సు నెక్కించితిమి. ఈసారి ఎవరి తాళమును తప్పించుటకు గాదు, అది మనకు తగినది గనుక. దీని చరిత్ర విద్యార్థులు తెలిసికొనదగినది. 1980 ప్రాంతమున అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాలయమున రిచర్డు స్టాల్మన్ అను ప్రోగ్రాములు వ్రాయువాడు ఉండెను. అచ్చటి ముద్రణయంత్రములో కాగితము మాటిమాటికి చిక్కుకొనుచుండగా, దాని ప్రోగ్రామును సవరింపగోరి మూలప్రతి నడిగెను; ఇయ్యబడలేదు. తమ యెదుటనున్న యంత్రమును బాగుచేసికొను హక్కు తమకు లేకపోవుట ఆయన మనస్సున నాటెను. 1983లో ఆయన గ్నూ యను ఉద్యమమును ప్రకటించెను. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును లోకమునకు తెలిపెను. ఈ రెండును కలిసి, ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును అను సాఫ్టువేరు వృద్ధియయ్యెను. మన తెలుగునేలపై 2005లో నారంభమైన స్వేచ్ఛ యను సంస్థ దీనిని తెలుగులో పలికించుటకు పాటుపడినది. మన యంత్రముల తెరపై "దస్త్రము", "అమరికలు" అను మాటలు కనబడినప్పుడు ఆరవ తరగతి పిల్లలు నవ్విరి, పిదప గర్వించిరి.

తాళములన్నియు తొలగింపదగినవే యని మా భావము కాదు. 2022 డిసెంబరు 21న మన బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ప్రభుత్వమువారు ఎనిమిదవ తరగతి విద్యార్థులకు ట్యాబులు పంచుట ప్రారంభించిరి. 4,59,564 మంది విద్యార్థులకు, 59,176 మంది ఉపాధ్యాయులకు, మొత్తము 5,18,740 ట్యాబులని నాడు ప్రకటింపబడెను. బైజూస్ కంపెనీ పాఠములు వానిలో నుంచబడెను. పిల్లలు కూడని వానిని చూడకుండ కట్టుదిట్టమును చేయబడెను. అట్టి తాళము తల్లి అటుకపై నుంచిన మందుసీసా వంటిది. బిడ్డకు కోపము కలిగినను మేలే. అయితే 2024 జూలై 16న ఆ కంపెనీపై దివాలా విచారణ ప్రారంభమయ్యెను. దీనినుండి మేము గ్రహించిన దొక్కటే: తాళము ఎవరి చేతనున్నదో, వారు రేపును అచ్చట నుందురో లేదో ముందుగా విచారించుకొనవలెను. మన నేతపనివారికి ఇది తెలియని సంగతి గాదు. మగ్గము తమదైనను నూలు షావుకారుదైనప్పుడు, నేసిన చీర తమది కాదు. మజూరీ మాత్రమే తమది.

తలిదండ్రులకు మా మనవి. పాత ఫోను గాని కంప్యూటరు గాని కొనదలచినప్పుడు, వెల యిచ్చుటకు ముందే అమ్మువాని యెదుట దానిని పూర్తిగా తుడిపించి, మొదటినుండి తెఱపించి, ఇంటర్నెట్టు కలిపి చూడుడు. పాతవాని పేరు గాని, ఖాతా గాని అడిగినచో అతనిచేతనే దానిని తీయింపుడు. తీయలేనిచో ఆ వస్తువు వలదు. 2015 నుండి ఆండ్రాయిడు ఫోనులయందును ఇట్టి తాళము కలదు. ఫోనులో నక్షత్రము, హాష్, సున్న, ఆరు, హాష్ మీటలు వరుసగా నొక్కినచో పదునైదంకెల ఐ.ఎం.ఈ.ఐ. సంఖ్య కనబడును. ఆంగ్లమున కె, వై, ఎం అను మూడక్షరములు వ్రాసి, ఖాళీ విడిచి, ఆ సంఖ్యను చేర్చి 14422కు సందేశము పంపినచో దాని వివరము బదులుగా వచ్చును. 2023 మే నెలలో కేంద్రప్రభుత్వమువారు ప్రారంభించిన సంచార్ సాథీ ద్వారమున కూడ ఇది తెలిసికొనవచ్చును. రసీదు లేనిదే ఏమియు కొనవలదు. అట్లే మీ వస్తువును ఇతరులకిచ్చునప్పుడు మీ ఖాతాలను మీరే తొలగించి యిండు. ఇల్లు అమ్మి తాళపుచెవి జేబులో వేసికొనిపోవువానిని ఎవరును మెచ్చరు.

విద్యార్థులారా! మీలో ననేకులు మాకంటె వేగముగా ఈ యంత్రములను నడపగలరు. అది మాకు సంతోషమే. రాబోవు దినములలో మీకు తెఱువ శక్యముకాని తాళములు తక్కువగనే యుండును. కాని తెఱువగల చేయి తెఱువదగినదా యని యడుగగల మనస్సుతో కూడియున్నప్పుడే మీ విద్య మీ తలిదండ్రులకును, మన ఊరికిని ఉపకరించును. కంప్యూటరు గది ప్రతిదినము సాయంకాలము అయిదున్నర వరకు తెఱచియుండును. వంతులపట్టిక గోడమీద నున్నది. మీ పేరు చూచుకొని రండు.